జాడ తీసిన అక్క

అక్క పోయిందని నాకెవరూ చెప్పలేదు. వెతుక్కుంటూ వెళ్లి నేనే తెలుసుకున్నాను. అప్పటికి ఆమె పోయి మూడు రోజులైంది. ఆ మూడు రోజులూ నేను ఆమె మీద చిరాకు పడుతూనే ఉన్నాను. సింకులో గిన్నెలు పేరుకున్నాయని, పరీక్ష పేపర్లు దిద్దుకోవాల్సిన వేళ చీపురు పట్టాల్సి వచ్చిందని, రాలేనప్పుడు ఒక్క ఫోన్ చేసి చెబితే ఏం పోతుందని. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ ఈ ముక్క దాచిపెట్టి ఆమె గురించి ఎంత మంచిగా రాసినా అది సగమే అవుతుంది.

నెల దాటింది. ఇప్పటికీ మధ్యాహ్నం మూడింటికి తలుపు గంట మోగితే ఆమే అనుకుని లేస్తున్నాను. నీళ్ల డబ్బాలు తెచ్చే మనిషినో, పక్క ఫ్లాట్ వాళ్లనో చూసి ఒక్క క్షణం గడపలోనే నిలబడిపోతున్నాను.

అక్క అంటే నా తోడబుట్టినది కాదు. బహ్రెయిన్‌లో, జింజ్‌లో ఉన్న మా ఫ్లాట్‌కు పదకొండేళ్లపాటు రోజూ రెండు గంటల ఇంటిపనికి వచ్చిన మనిషి. ఆమెది కోనసీమ. నాది కరీంనగర్ వైపు. ఇక్కడ ఒక బడిలో ఇంగ్లీషు చెబుతాను. మొదట ఆమె ఒక అరబ్బుల ఇంట్లో ఆరేళ్లు ఉండి పనిచేసింది. ఆ తర్వాత సొంతంగా పర్మిట్ తీసుకుని నాలుగిళ్లలో గంటల లెక్కన చేసేది. ఊళ్లో ఒక కూతురు ఉంది. అమ్మమ్మ దగ్గర పెరిగింది. భర్త సంగతి ఆమె ఎత్తేది కాదు, నేనూ అడగలేదు. నాకంటే ఆరేళ్లు పెద్దదైనా ఆమె నన్ను ‘టీచరమ్మగారూ, మీరు’ అనేది. నేను అక్కా అంటూనే ‘నువ్వు’ అనేదాన్ని. మా వైపు అక్కను నువ్వనే అంటాం కాబట్టి అది తప్పని నాకెప్పుడూ తోచలేదు. ఇప్పుడు తోస్తోంది.

వచ్చీ రాగానే చెప్పులు విప్పి, వాటి ముక్కులు బయటికి ఉండేలా తిప్పి పెట్టేది. తన టీ తన స్టీలు గ్లాసులోనే. బాల్కనీ గడప మీద కూర్చుని, గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, రోడ్డు చూస్తూ తాగేది. సబ్బు పొడి ప్యాకెట్ల మీది అక్షరాలు కూడబలుక్కుని ఇంగ్లీషు చదవడం నేర్చుకుంది. తెలియని మాట కనబడితే దాన్ని తెలుగు అక్షరాల్లో చీటీ మీద రాసుకుని, గిన్నెలు తోముతూ అడిగేది. నేను పదాల పుట్టుక చెప్పడం ఇష్టపడే మనిషిని. బడిలో పిల్లలు ఆవులిస్తారు. అక్క ఆవులించేది కాదు.

ఒక రోజు తొమ్మిదో తరగతికి పాఠం తయారు చేసుకుంటున్నాను. దాగి ఉన్నవాటిని కనిపెట్టడానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో, అవి ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పే పాఠం. నాకు పైకి చదువుకునే అలవాటు. డిస్కవర్ అంటే కవర్ తీసేయడం, అంటే మూత తీయడం. డిటెక్ట్ అన్నది లాటిన్ మాట నుంచి వచ్చింది, కప్పి ఉన్నదాన్ని తొలగించడం. ఇన్వెస్టిగేట్ కూడా లాటిన్‌దే. ‘వెస్టీజియం’ అంటే నేల మీద పడిన అడుగు గుర్తు. ఆ గుర్తులు పట్టుకుని వెంట పోవడమే ఇన్వెస్టిగేట్.

అక్క తడిగుడ్డ పిండుతూ ఆగింది.

“అంటే జాడ తీయడమే కదండీ టీచరమ్మగారూ?”

ఇరవై ఏళ్లుగా ఆ మాట చెబుతున్నాను. పరిశోధన, దర్యాప్తు, విచారణ అని నిఘంటువులో ఉన్నవన్నీ బోర్డు మీద రాయించాను. అడుగుజాడలోని జాడ, జాడ తీయడంలోని జాడ ఒకటేనని, లాటిన్ వాడు ఎక్కడ మొదలుపెట్టాడో మనవాళ్లూ అక్కడే మొదలుపెట్టారని నాకు తట్టనే లేదు.

“అవునక్కా, గదే. అచ్చం గదే” అన్నాను.

ఆమె ఇంకాస్త ఆలోచించి, “మూత తీసేవోడు కూచునే తీసేత్తాడండి. జాడ తీసేవోడు మాత్రం నడవాలి” అని మళ్లీ నేల తుడవడం మొదలుపెట్టింది.

ఆ మాట ఊరికే అనలేదని తర్వాత తెలిసింది. అప్పటికే ఆమె ఎన్నో ఏళ్లుగా ఆ పని చేస్తోంది. ఇంటిపనికి వచ్చి ఏదో కారణంగా మాట పలుకు లేకుండా పోయిన మన ఆడవాళ్ల కోసం ఊళ్ల నుంచి ఆమెకు ఫోన్లు వచ్చేవి. ఎలా పాకిందో తెలియదు, ఆమె నంబరు అమలాపురం నుంచి జగిత్యాల దాకా చేరింది. సిత్రాలో కూలీల క్యాంపులో ఉండే ఒక మేస్త్రీ పంపిన వాయిస్ మెసేజ్ ఒకసారి నాకు వినిపించింది. “అక్కా, మా చెల్లె దుబాయి పోయింది. బహ్రెయిన్‌ల ఉన్నదంటున్రు, నిజమో కాదో ఎర్కలేదు. జర చూడుండ్రి” అని అందులో ఉంది. అతను చెప్పే దుబాయి ఏ దేశమో మొదట తేల్చుకోవాలి. అక్క అక్కడి నుంచే మొదలుపెట్టేది.

నేను చెప్పిన మాట ఆమెకు నచ్చింది. ఆ తర్వాత శుక్రవారాల్లో ఏదైనా పని చెబితే, “ఈ వారం కుదరదండి, ఇన్వెస్టిగేషనుంది” అనేది. అలా అనేటప్పుడు కొంచెం నవ్వేది, కొంచెం గర్వపడేది.

ఒక్కసారి నేను తోడు వెళ్లాను. రాజోలు దగ్గర పల్లెటూరి అమ్మాయి, వచ్చి ఏడాది కాలేదు, ఐదు నెలలుగా ఫోన్ లేదు. వాళ్లమ్మ దగ్గర ఆ అమ్మాయి పాత వాయిస్ మెసేజ్ ఒకటి మాత్రమే మిగిలింది. అందులో ఏదో మాట మధ్యలో “ఇక్కడ కార్లు ఒకటే అరుపులమ్మా, సెవులు గింగురుమంటన్నాయి” అంది. అక్క దాన్ని పది సార్లు విన్నదట. రోడ్డు మీద కార్లు అలా అరవవు, సఖీర్‌లో రేసులు జరిగినప్పుడు అరుస్తాయి అని తేల్చుకుంది. అటువైపు బస్సులు తక్కువ. అందుకని నన్ను కారు తీయమంది.

ఇసుక నేలల అంచున విసిరేసినట్టు ఉన్న విల్లాలు. నేను ఏసీ వేసుకుని కార్లో కూర్చున్నాను. ఆమె దిగి నడిచింది. ముందువైపు నుంచి కాదు, వెనక గోడల వెంట. ఇళ్ల వెనక సందుల్లోకి వెళ్లి కనబడకుండా పోయి, చాలాసేపటికి మరో చివర తేలేది. ఇలా రెండు గంటలు.

“గిట్ల ఎన్ని గోడలు చూస్తవక్కా?” అన్నాను.

“మనిషి ఊరికే మాయమైపోదండి. ఎక్కడో ఓ చోట అన్నం తింటానే ఉంటది” అంది.

మూడో వీధిలో ఆమె ఆగిపోయి చేయి ఊపింది. నేనూ దిగి వెళ్లాను. ఒక విల్లా వెనక, కోసిన నూనె డబ్బాలో నాలుగు గోంగూర మొక్కలు. “ఇది వీళ్లు షర్బత్‌కు పెంచుకునే మొక్క కూడా కావచ్చు కదా” అన్నాను. అక్క వంగి కొమ్మలు చూపించింది. లేత చివుళ్లు మాత్రమే గిల్లి ఉన్నాయి. “షర్బత్తుకైతే కాయలు కోత్తారు. ఇది పులుసుకి గిల్లిన చెయ్యండి” అంది.

తలుపు కొట్టలేదు. గోడ పక్కన నిలబడి, ఫోన్ చెవికి పెట్టుకుని, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు గట్టిగా తెలుగులో మొదలుపెట్టింది. “ఏమ్మా, నీకు బుద్దుందా? మీ అమ్మ ఐదు నెలల్నించి ముద్ద ముట్టకుండా ఏడుత్తుంటే ఒక్క ఫోను సెయ్యలేవా? బతికున్నావా లేదా అన్నా సెప్పవా?” అవతల ఎవరూ లేరు. నాకు నవ్వూ భయమూ కలిసి వచ్చాయి. కొద్దిసేపటికి పై అంతస్తు కిటికీ తెరుచుకుంది. తలకు గుడ్డ చుట్టుకున్న ఒక అమ్మాయి కిందకు చూసి, రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఎవరూ ఆ అమ్మాయిని బంధించలేదు. ఫోన్ నీళ్లలో పడి పాడైపోయింది. ఇంట్లోవాళ్లను అడగడానికి భయం. వాళ్లు తమ ఫోన్ ఇచ్చినా లాభం లేదు. “అమ్మ నంబరు ఫోన్లో ఉందండి, నా బుర్రలో లేదు” అని ఏడ్చింది. అంతే. ఐదు నెలల పాటు ఒక తల్లి ఊళ్లో కూతురు చచ్చిపోయిందనుకుంది.

ఆ రోజు నుంచి అక్క ఒక పద్ధతి పెట్టింది. తనకు తెలిసిన ప్రతి ఆడమనిషీ రెండు నంబర్లు కంఠతా పట్టాలి. గదిలో ఉండేవాళ్లంతా ఒకరి గుర్తింపు కార్డు ఫొటో ఇంకొకరి ఫోన్లో పెట్టుకోవాలి. బడి పిల్లలకు నేను చెప్పే క్రమశిక్షణ కంటే ఆమె క్రమశిక్షణ గట్టిది.

ఇంకోసారి మాత్రం మేమిద్దరం వాదులాడుకున్నాం. తాడేపల్లిగూడెం వైపు ఒకావిడ కోసం వాళ్లవాళ్లు ఏడాదిగా వెతుకుతున్నారు. అక్క ఆమెను కనిపెట్టింది. ఎక్కడో నాకు చెప్పలేదు. ఏదో బ్యూటీ పార్లర్‌లో పనిచేస్తోందని, బాగానే ఉందని, తను ఎక్కడుందో ఇంటికి చెప్పొద్దని దండం పెట్టిందని మాత్రం చెప్పింది. అక్క ఆ ఇంటికి ఫోన్ చేసి, “బతికే ఉందండి, ఒంట్లో బాగుంది” అని చెప్పి ఊరుకుంది.

“అడ్రస్ చెప్పకపోతే ఎట్లక్కా? వాళ్లు ఏడాది నుంచి ఎదురుచూస్తున్నరు” అన్నాను.

“దొరికిందని సెప్పేముందు, దొరకాలని ఉందా అని అడగాలి గదండీ.”

“గది అబద్ధం చెప్పినట్టు కాదా?”

ఆమె కాసేపు చెంబు తోమింది. “జాడ తీసింది నేనండి. జాడ మాత్రం ఆవిడది” అంది.

నాకు ఆ రోజు అది సరైన జవాబు అనిపించలేదు. చాలా మాటల పుట్టుక తెలిసిన నాకు, ఆ మాట వెనక ఏముందో తెలియలేదు.

నెల కిందటి ఆ ఆదివారం ఆమె రాలేదు. ఉక్కపోత రోజులు, అర్ధ సంవత్సరం పరీక్షలు. ఇక్కడ బడికి సెలవు శుక్ర, శనివారాలు. మధ్యాహ్నం బడి నుంచి వచ్చి, కిటికీ దగ్గర కూర్చుని పేపర్లు దిద్దుతున్నాను. మూడైంది, నాలుగైంది. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. సోమవారమూ అంతే. మంగళవారం రాత్రి భోజనాల దగ్గర మా ఆయన, “ఒంట్లో బాగలేదేమో, చూసి రారాదు?” అన్నారు.

“ఏడికి పోయి చూడాలె?” అన్నాను.

అన్నాక ఇద్దరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. పదకొండేళ్లు. ఆమె ఎక్కడుంటుందో మాకు తెలియదు. గుదైబియాలో ఎక్కడో గది అని తెలుసు. ఏ వీధి, ఏ బిల్డింగ్, ఎవరితో, ఏమీ తెలియదు. ఆమెకు మా ఇంట్లో ప్రతి అర తెలుసు. మా ఆయన బీపీ మాత్ర ఏ డబ్బాలో ఉంటుందో తెలుసు.

“పోలీసులకు చెబుదామా?” అన్నారాయన.

“పేరేంది, ఇల్లేడ అని అడుగుతరు. ఏం చెబుదాం?”

బుధవారం బడి కాగానే బయల్దేరాను. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. ఎక్కడో ఓ చోట అన్నం తింటానే ఉంటది అన్న ఆమె మాటే దారి చూపింది. మా వీధి చివర కోల్డ్ స్టోర్‌కు వెళ్లాను. ఇక్కడ చిల్లర కొట్టును అలాగే అంటారు. కొట్టు నడిపే మలయాళీ పెద్దాయనకు ఆమె బాగా తెలుసు. రోజూ మా ఇంటి నుంచి వెళుతూ అక్కడ ఒక మజ్జిగ ప్యాకెట్ కొనేదట. “శనివారం కొన్నది, తర్వాత రాలేదు” అన్నాడు హిందీలో. “సాయంత్రం మజ్జిగ నా దగ్గర, కూర గుదైబియాలో మీ వాళ్ల మెస్సులో అని నవ్వేది” అన్నాడు. ఆమె మధ్యాహ్నం తినకుండా మా ఇంటికి వచ్చేదని, నాలుగో ఇల్లు కూడా అయ్యాకే తినేదని నాకు ఆ కొట్లో తెలిసింది.

గుదైబియాలో తెలుగు మెస్సు దొరకడం కష్టం కాలేదు. అక్కడ భీమవరం ఆయన గరిటె చేత్తో బయటికొచ్చి, “ఆవిడ మూడ్రోజుల్నించి పార్సిలు పట్టుకెళ్లట్లేదండి. టీచరుగారింట్లో ఏదో ఫంక్షనేమో, అక్కడే ఉండిపోయిందనుకున్నాం. మీరేనా టీచరుగారు?” అన్నాడు. వెనక వీధిలో బిల్డింగ్ చూపించాడు.

రెండో అంతస్తు. తలుపు కొడితే ఒక అమ్మాయి తీసింది. రాజోలు అమ్మాయి. ఆ విల్లాలో గడువు అయ్యాక అక్క తన గదికే తెచ్చుకుందట. నాకు ఆ సంగతి కూడా తెలియదు. నన్ను చూడగానే ఆ అమ్మాయి ముఖం విప్పారింది.

“టీచరమ్మగారూ! అక్కని తీసుకొచ్చారా?”

“మీ ఇంట్లో ఉందనుకున్నామండి” అంది ఆ అమ్మాయి. నేను నోరు తెరవకముందే దాని గొంతు మారిపోయింది. “మీ ఇంట్లో లేదా అండీ?”

నేను ఆమె గదిలో ఉందనుకున్నాను. గదిలోవాళ్లు మా ఇంట్లో ఉందనుకున్నారు. మిగతా మూడిళ్లవాళ్లు కూడా ఏదో ఒకటి అనుకునే ఉంటారు. ఆ అనుకోవడాల మధ్య ఒక మనిషి మూడు రోజులు లేకుండా పోయింది.

ముందు పెద్దాసుపత్రిలో అడుగుదామని కార్లో వెళుతుండగా ఆ అమ్మాయి ఏడుస్తూ చెప్పింది. “నెల్రోజుల్నించి ఎడంపక్క లాగుతందనేదండి. మెట్లెక్కలేక మజిలీ మజిలీకి కూచునేది.”

“మరి నాకెందుకు చెప్పలేదే?”

“మీకు సెప్పొద్దందండి. సెప్తే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లి పని మానిపించేత్తారంట. మీరంటే బయమండి అక్కకి.”

నన్ను చూసి భయం. పదకొండేళ్లుగా బాల్కనీ గడప మీద కూర్చుని నాతో మాటల పుట్టుకలు మాట్లాడిన మనిషికి నేనంటే భయం. ఎర్రలైటు దగ్గర ఆగాను. పచ్చలైటు పడ్డా కదల్లేకపోయాను. వెనక కార్లు హారన్ కొట్టాయి.

ఆసుపత్రిలో కౌంటర్ దగ్గర మేం అందరం పిలిచే పేరు చెప్పాను. అక్కడ కూర్చున్నాయన ఓపిగ్గా కంప్యూటర్‌లో రెండు సార్లు చూశాడు. ఆ పేరుతో ఎవరూ రాలేదన్నాడు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ అమ్మాయి చేయి పట్టుకుని నవ్వాను కూడా. “చూసినవా, ఏం కాలేదు. ఎవరి కోసమో వెతుకబోయి ఉంటది” అన్నాను. కారు దాకా వచ్చేశాం. తలుపు తీస్తుండగా ఆ అమ్మాయి ఆగి, “కార్డులో పేరు వేరండి” అంది.

అక్క పెట్టిన పద్ధతి ప్రకారం దాని ఫోన్లో అక్క కార్డు ఫొటో ఉంది. చూశాను. ఫొటో అక్కదే. పక్కన ఉన్న పేరు నేను జన్మలో వినలేదు. పాస్‌పోర్టు చేయించినప్పుడు ఏజెంటు బడి రికార్డులోని పేరు వేయించాడట. దేశం కాని దేశంలో పదిహేడేళ్లు ఆ పేరుతో కాగితాల మీద బతికింది. ఆ పేరు ఇక్కడ రాయను. ముందే తెలుసుకోనిదాన్ని, ఇప్పుడు రాసే హక్కు నాకు లేదు.

మళ్లీ కౌంటర్ దగ్గరికి వెళ్లి ఫోన్ చూపించాను. ఆయన నంబరు కొట్టాడు. తెర చూశాడు. తర్వాత కూర్చున్న కుర్చీలోంచి మెల్లగా లేచి నిలబడ్డాడు. అంతే, తెలిసిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం మూడు దాటాక తెచ్చారట. అప్పటికే గుండె ఆగిపోయింది. కార్డు మీద ఉన్న వివరాలతో వాళ్లు ఫోన్ చేస్తూనే ఉన్నారు. వాళ్లకు దొరికిన నంబరు ఆమెదే. ఆ ఫోన్ ఆమె సంచిలోనే ఛార్జింగ్ అయిపోయి ఉంది.

“ఎక్కడి నుంచి తెచ్చారు?” అని అడిగాను.

కాగితం చూసి చెప్పాడు. జింజ్. మందుల షాపు ఎదురుగా బస్టాప్.

మా ఇంటికి నాలుగు నిమిషాల నడక. ఆ ఆదివారం మూడింటికి పేపర్లు దిద్దుతూ నేను సైరన్ విన్నాను. వీధి దగ్గరే వినిపించింది. లేచి కిటికీ రెక్క గట్టిగా లాగి, చెవులు చిల్లులు పడుతున్నాయనుకుని, మళ్లీ కూర్చుని తర్వాతి పేపర్ తీసుకున్నాను.

దీని మీద ఇంకేం రాయాలో నాకు తెలియదు. ఆ కిటికీ రెక్క లాగిన చేయి ఇదే, ఇప్పుడు రాస్తున్న చేయి.

ముఖం చూపించారు. నిద్రపోతున్నట్టు లేదు, అలా ఉందని రాయడం అబద్ధం. ఏదో చెప్పబోయి ఆగినట్టు ఉంది. రాజోలు అమ్మాయి తన చున్నీతో ఆమె నుదురు తుడిచి, చెదిరిన జుట్టు చెవి వెనక్కి సర్దింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. నాకు ఆమెను తాకే అలవాటు లేదు. అది కూడా అప్పుడే తెలిసింది.

ఎంబసీ కాగితాలు, విమానం ఏర్పాట్లు అయ్యేసరికి వారం పైన పట్టింది. ఊరికి పంపేముందు ఆఖరి చూపుకి ఆడవాళ్లు వచ్చారు. పనిలోంచి గంట పర్మిషన్ అడిగి కొందరు, బురఖాలాంటి నల్ల అబాయా మీదే కొందరు, చేతి తడి ఆరకుండానే కొందరు. నేను ఎప్పుడూ చూడని ముఖాలు. అందరినీ ఏదో ఒక రోజు ఆమె నడిచి వెళ్లి కనిపెట్టింది. ఒకావిడ అందరికీ దూరంగా, గోడ పక్కన, నల్ల కళ్లద్దాలు తీయకుండా నిలబడింది. గోళ్లకు చక్కటి రంగు వేసుకుని ఉంది. ఎవరితోనూ మాట్లాడలేదు. అక్క పెట్టెను చూసి, ఒక్కసారి దండం పెట్టి, గబగబా వెళ్లిపోయింది. “ఎవరావిడ?” అని పక్కన ఎవరో గుసగుసలాడారు. నేను ఊహించగలను. అడగలేదు. జాడ ఆవిడది.

ఈ ఏడాదీ తొమ్మిదో తరగతికి ఆ పాఠం వచ్చింది. డిస్కవర్ చెప్పాను, డిటెక్ట్ చెప్పాను. ఇన్వెస్టిగేట్ దగ్గరికి వచ్చేసరికి చాక్‌పీస్ పట్టుకుని చాలాసేపు బోర్డువైపే నిలబడ్డాను. పిల్లలు ఈసారి ఆవులించలేదు, కంగారుపడ్డారు. చివరికి ఇటు తిరిగి, “దీని అర్థం నాకు మా అక్క చెప్పింది. ఎవరైనా ఒకరు రోజూ మీ ఇంటికి వస్తూ ఉంటే, వాళ్లు ఎక్కడి నుంచి వస్తున్నారో కనుక్కోండి. ఇంటికి పోయి ఇవాళే కనుక్కోండి” అన్నాను. ఇంగ్లీషు పాఠంలో అది ఏ వ్యాకరణానికి వస్తుందో తెలియదు.

ఊళ్లో కార్యక్రమాలన్నీ అయ్యాక అక్క కూతురు నాకు వీడియో కాల్ చేసింది. ఇరవై ఏళ్ల పిల్ల, డిగ్రీ ఆఖరి ఏడాది. తల్లి కళ్లే. అక్క ఇక్కడికి వచ్చేనాటికి దానికి మూడేళ్లు. ఆ తర్వాత రెండేళ్లకోసారి రెండు నెలలు మాత్రమే తల్లిని చూసింది. ఏడుస్తుందని, నన్ను నిలదీస్తుందని భయపడుతూ ఫోన్ ఎత్తాను. రెండూ చేయలేదు.

“టీచరమ్మగారూ, అమ్మ ఎప్పుడూ అక్కడి ఊరు సూపించలేదండి. వంటిల్లే సూపించేది. పడిపోయిన సోటు ఓసారి సూపిత్తారా?”

“ఎందుకమ్మా, గిప్పుడు...”

“సూడాలండి.”

చెప్పులు వేసుకుని దిగాను. ఎండ చిటచిటలాడుతోంది. ఫోన్ ముందుకు పట్టుకుని నడిచాను. కోల్డ్ స్టోర్, మలుపు, మందుల షాపు. రోడ్డు దాటి, బస్టాప్ ఎదురుగా నిలబడ్డాను. ఇనుప బల్ల, పైన రేకు. బల్ల మీద ఎవరూ లేరు.

“ఇక్కడేనా అండి?”

“ఇక్కడేనమ్మా.”

“నీడ ఉందా అండి అక్కడ?”

“ఉంది. పైన రేకు ఉంది చూడు. మూడింటికి బల్ల మీద నీడే పడుతది.”

“కూచున్నాకే పడిపోయిందా, నిలబడే పడిపోయిందా?”

“తెల్వదమ్మా. నేను చూడలే.”

ఎర్ర బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. ఇద్దరు మగవాళ్లు, సంచి పట్టుకున్న ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి దిగారు. తలుపు మూసుకుంది. బస్సు వెళ్లిపోయాక రోడ్డు మళ్లీ ఖాళీ అయింది.

“చాలా తల్లీ? ఎండగా ఉంది, ఇంటికి పోయి మాట్లాడుకుందామా?” అన్నాను.

“ఇంకో బస్సు వచ్చేదాకా ఉంచండి టీచరమ్మగారూ.”

ఉంచాను. కుడిచేయి లాగుతుంటే ఫోన్ ఎడమచేతిలోకి మార్చుకున్నాను. ఆ మార్చుకోవడంలో అటు కాస్త ఒరిగి ఆకాశమో, గోడో కనబడినట్టుంది. “కదపకండి” అంది పిల్ల, మెల్లగా. రెండు చేతులతో పట్టుకుని, ఎండలో, ఆ ఖాళీ బల్ల వైపు కదలకుండా నిలబడ్డాను.